కణంలోని గాదె: కొవ్వు చుక్కలూ, ముసలితనమూ



పొట్ట స్కానింగు చేయించుకున్న చాలామంది రిపోర్టులో చివర ఒక మాట కనిపిస్తుంది: "గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్". ఆ మాట చదివి కొందరు భయపడి, ఆ రోజు నుండి నూనె చుక్క ముట్టరు. మరికొందరు "ఇది అందరికీ ఉండేదే" అని రిపోర్టును బీరువాలో పెట్టి మరచిపోతారు. ఈ రెండూ సరైనవి కావు.

సుమారు 15 ఏళ్ల క్రితం ఒక రైతు కడుపునొప్పితో స్కానింగుకు వచ్చారు. వయస్సు 45 దాటింది, షుగరు ఉంది. రాళ్లేమీ లేవు గాని లివరులో కొవ్వు ఉందని రిపోర్టులో రాశారు. "దీనికేమన్నా చేయాలా సిస్టరమ్మా?" అని ఆయన నన్ను అడిగారు. "ఏం ఫర్వాలేదండీ, ఈ రోజుల్లో అందరికీ ఉంటోంది" అన్నాను.

పదేళ్ల తర్వాత ఆయన మళ్లీ వచ్చారు. పొట్టలో నీరు చేరింది, కళ్లు పచ్చబడ్డాయి, లివరు గట్టిపడిపోయింది. ఆయన జీవితంలో మద్యం ముట్టని మనిషి. అయినా "చాటుగా తాగి ఉంటాడు" అని బంధువులు అంటున్నారని ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. మద్యం తాగకపోయినా ఈ జబ్బు వస్తుందని వాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పాను. కాని మొదటి రోజు ఆయనకు చెప్పవలసిన మాట నేను చెప్పలేదు. ఆ మాటే ఈ పాఠం.

కొవ్వు చుక్క అంటే ఏమిటి?

మన శరీరం కోట్లాది కణాలతో కట్టిన ఇల్లు. నేను నర్సింగు చదివే రోజుల్లో, అంటే 2000 ప్రాంతంలో, కణం బొమ్మ గీయమంటే కేంద్రకం, మైటోకాండ్రియా అన్నీ జాగ్రత్తగా గీసి, కొవ్వును మాత్రం ఒక ఖాళీ సున్నాలా గీసేవాళ్లం. అది ఊరికే నిలవ ఉన్న పదార్థమనీ, దానికంటూ ఒక పని లేదనీ నేర్చుకున్నాం.

ఇప్పుడు ఆ అభిప్రాయం మారిపోయింది. ఆ సున్నాయే కొవ్వు చుక్క. దాని మధ్యలో ట్రైగ్లిజరైడ్లు, కొలెస్ట్రాల్‌కు సంబంధించిన కొవ్వులు ఉంటాయి. చుట్టూ ఒకే వరుస పొర ఉంటుంది. ఆ పొర మీద కొన్ని ప్రొటీన్లు కాపలా కాస్తుంటాయి. వాటిలో పెరిలిపిన్ అనే ప్రొటీనును 1991లో గుర్తించారు. మనం భోజనం చేసి రక్తంలో ఇన్సులిన్ పెరిగినప్పుడు ఈ ప్రొటీన్లు తలుపు మూసి కొవ్వును లోపల దాస్తాయి. మనం ఉపవాసం ఉన్నప్పుడు, కష్టపడి పని చేస్తున్నప్పుడు అడ్రినలిన్ వంటి హార్మోన్ల కబురు అంది తలుపు తీస్తాయి. అప్పుడు బయటకు వచ్చిన కొవ్వు మైటోకాండ్రియాలో కాలి మనకు శక్తినిస్తుంది.

పల్లెటూళ్లలో వెనుక ధాన్యపు గాదెలు ఉండేవి. కోతల కాలంలో నింపేవారు, ఇంటి అవసరానికి తీసుకునేవారు. కొవ్వు చుక్క కణానికి అటువంటి గాదె. నింపడానికీ, తీయడానికీ రెండింటికీ అది కావాలి.

గాదె లేకపోతే మంచిదేనా?

కొవ్వు దాచుకునే చోటే లేకపోతే రోగాలుండవు కదా అని మీరు అనుకోవచ్చు. అది నిజం కాదని కొందరు పిల్లలను చూస్తే తెలుస్తుంది. అరుదుగా కొందరు పిల్లలు చర్మం కింద కొవ్వు దాదాపు లేకుండానే పుడతారు. ఈ జబ్బును లైపోడిస్ట్రోఫీ అంటారు. దీనిలో ఒక రకానికి సీపిన్ అనే ప్రొటీను తయారు చేసే జన్యువులోని లోపం కారణమని 2001లో కనుగొన్నారు. కణంలో కొవ్వు చుక్క సరిగా తయారు కావడానికి ఆ ప్రొటీను అవసరం.

ఈ పిల్లలు కండలు తిరిగి, బక్కగా కనిపిస్తారు. కాని చిన్న వయస్సులోనే వారికి షుగరు వస్తుంది, లివరు నిండా కొవ్వు పేరుకుంటుంది. ఎందుకంటే తిన్నదానిలో మిగిలిన కొవ్వు ఎక్కడో ఒకచోట ఉండాలి. దాని చోటు దానికి లేకపోతే ఉండకూడని చోటికి చేరుతుంది. గాదెలో చోటు దొరకని కొవ్వు ఆమ్లాలు కణంలో విడిగా తిరుగుతూ మైటోకాండ్రియాను, ఇతర భాగాలను పాడు చేస్తాయి. కాబట్టి కొవ్వు చుక్క మొదట కణాన్ని కాపాడే ఏర్పాటు అని గుర్తుంచుకోండి.

వయస్సు పెరిగితే ఏమి మారుతుంది?

మొదటిది, కొవ్వు ఉండే చోటు మారుతుంది. చర్మం కింద కొవ్వును భద్రంగా దాచుకునే శక్తి వయస్సుతో తగ్గుతుంది. అక్కడ చోటు చాలక మిగిలినది పొట్ట లోపలికి, లివరుకు, కండరాలకు చేరుతుంది. నెలసరి ఆగిన తర్వాత స్త్రీలలో పొట్ట పెరగడానికి ఇది ఒక కారణం.

రెండవది, గాదె ఖాళీ చేసే పని నెమ్మదిస్తుంది. కణం తనలోని పాత సామానును తానే విడగొట్టి మళ్లీ వాడుకుంటుంది. ఈ పనిని ఆటోఫజీ అంటారు. దీని గుట్టు విప్పినందుకే జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది. లివరు కణాలు కొవ్వు చుక్కలను కూడా ఈ పద్ధతిలో విడగొడతాయని 2009లో న్యూయార్క్ పరిశోధకులు చూపించారు. వయస్సు పైబడిన కొద్దీ ఈ శుభ్రపరిచే పని మందగిస్తుంది. చుక్కలు ఉన్నచోటే ఉండిపోతాయి.

మూడవది, ముసలి కణాలు పెరుగుతాయి. కొన్ని కణాలు విభజన ఆపేస్తాయి గాని చావవు. చుట్టుపక్కల కణాలకు కూడా వాపు కలిగించే పదార్థాలు వదులుతుంటాయి. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో, చిట్టెలుకల లివరులో ఇటువంటి కణాలు ఎక్కువైనప్పుడు కొవ్వు పెరిగింది. వాటిని తొలగించినప్పుడు కొవ్వు తగ్గింది.

నాలుగవది, మెదడు. జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1907లో మతిమరుపు జబ్బును గురించి రాసినప్పుడే, మెదడులోని కొన్ని కణాలలో కొవ్వు ఉందని గమనించారు. ఆ మాటను చాలాకాలం ఎక్కువమంది పట్టించుకోలేదు. 2020లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ముసలి చిట్టెలుకల మెదడును పరీక్షించారు. మెదడులో చెత్త ఏరివేసే మైక్రోగ్లియా అనే కణాలు కొవ్వు చుక్కలతో నిండి ఉన్నాయి. అలా నిండిన కణాలు తమ శుభ్రపరిచే పనిని సరిగా చేయలేకపోయాయి, పైగా వాపును పెంచాయి. వయస్సు మళ్లిన మనుషుల మెదడులో కూడా అటువంటి కణాలను వారు చూశారు.

ఇప్పుడు ఒక ప్రశ్న వస్తుంది. ముసలితనం వల్ల కొవ్వు పేరుకుంటోందా, కొవ్వు పేరుకోవడం వల్ల ముసలితనం వస్తోందా? రెండూ ఒకదానినొకటి నెట్టుకుంటూ ఉన్నట్లు పై పరిశోధనలు చూపుతున్నాయి.

చుక్కలు ఎక్కువైనా మేలు జరిగిన సందర్భాలు

సీ. ఎలిగాన్స్ అనే నులిపురుగు ఒక మిల్లీమీటరు పొడవుంటుంది, రెండు మూడు వారాలు బ్రతుకుతుంది. అది త్వరగా ముసలిదవుతుంది గనుక పరిశోధకులు దానిని ఎక్కువగా వాడతారు. 2023లో వెలువడిన ఒక పరిశోధనలో ఈ పురుగులకు ఓలియిక్ ఆమ్లం తినిపించారు. మనం వాడే వేరుశనగ నూనెలో, నువ్వుల నూనెలో కూడా ఈ ఆమ్లం ఉంటుంది. ఆ పురుగుల కణాలలో కొవ్వు చుక్కల సంఖ్య పెరిగింది, అవి ఎక్కువ కాలం బ్రతికాయి. అదే ఆమ్లపు ట్రాన్స్ రూపాన్ని తినిపిస్తే ఆ మేలు కలగలేదు.

దీనిని చదివి ఎవరూ నూనె గిన్నె ఎత్తి తాగకండి. పురుగు వేరు, మనిషి వేరు. కాని కొవ్వు చుక్క కనిపించినంత మాత్రాన కీడు అనుకోకూడదని ఇది మనకు నేర్పుతుంది.

మనుషులలో కూడా ఒక ఉదాహరణ ఉంది. బాగా సాధన చేసే పరుగు క్రీడాకారుల కండరాలలో కొవ్వు చుక్కలు ఎక్కువగా ఉంటాయి. షుగరు ఉన్నవారి కండరాలలో కూడా ఎక్కువగా ఉంటాయి. అయినా క్రీడాకారులలో ఇన్సులిన్ చక్కగా పని చేస్తుంది, షుగరు ఉన్నవారిలో చేయదు. 2001లో ప్రచురించిన ఈ సంగతి చాలామందిని ఆశ్చర్యపరచింది. తేడా ఎక్కడుంది? క్రీడాకారుడి గాదె రోజూ నిండుతుంది, రోజూ ఖాళీ అవుతుంది. కదలని మనిషి గాదెలోకి వెళ్లడమే గాని బయటకు రావడం లేదు. గాదెలో కదలని ధాన్యానికి పురుగు పడుతుంది కదా! ఈ పాఠమంతటిలో మీరు గుర్తుంచుకోవలసిన మాట ఇదే: నిలవ ఎంత ఉన్నదనే కాదు, లోపలికి వెళ్లినది బయటకు వస్తున్నదా అనేది కూడా చూడాలి.

"నేను బక్కగానే ఉన్నాను కదా?"

ఒక తల్లి ఈ మాటే అడిగింది. ఆమె సన్నగా ఉంటుంది, కూరలలో నూనె కూడా మానేసింది. అయినా లివరులో కొవ్వు ఉందన్నారు. రోజు మొత్తం ఏమి తింటుందో అడిగాను. మూడు పూటలా అన్నమే, కూర కొంచెం, పప్పు ఎప్పుడో. మధ్యలో చక్కెర టీ నాలుగుసార్లు, దానితో బిస్కెట్లు. రాత్రి పది గంటలకు భోజనం, వెంటనే పడక. పగలంతా కుట్టుమిషను ముందు కూర్చునే పని.

లివరు కొవ్వును నూనె నుండి మాత్రమే తీసుకోదు. అవసరానికి మించిన అన్నం, చక్కెరల నుండి కూడా తానే కొవ్వు తయారు చేసుకుంటుంది. పైగా మనవారిలో చాలామందికి బరువు తక్కువగా కనిపించినా పొట్ట లోపల కొవ్వు ఎక్కువగా ఉంటుంది. అందుకే మనకు బాడీ మాస్ ఇండెక్స్ 23 దాటితేనే అధిక బరువుగా లెక్కిస్తారు. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

2025లో ప్రచురించిన ఒక అధ్యయనంలో హైదరాబాదులోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి లివరులో కొవ్వు ఎక్కువగా ఉంది. ఎక్కువ గంటలు కూర్చుని పని చేసేవారందరికీ ఇది హెచ్చరిక.

మీరు ఏమి చేయవచ్చు?

1. రోజూ గాదె తలుపు తీయండి. వారానికి 150 నిమిషాలు, అనగా రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు, కొంచెం ఆయాసం వచ్చేటట్లు నడవండి. బరువు తగ్గకపోయినా వ్యాయామంతో లివరులోని కొవ్వు కొంత తగ్గుతుంది.

2. బరువు ఎక్కువగా ఉంటే నిదానంగా తగ్గించండి. 80 కిలోలున్న మనిషి 4 కిలోలు తగ్గితే లివరు కొవ్వు తగ్గడం మొదలవుతుంది. 6 నుండి 8 కిలోలు తగ్గితే లివరులోని వాపు కూడా తగ్గే అవకాశం ఉంది. వారానికి అర కిలో చాలు. కటిక ఉపవాసాలతో ఒక్కసారిగా బరువు తగ్గితే లివరుకు హాని కలగవచ్చు, పిత్తాశయంలో రాళ్లు రావచ్చు.

3. కంచంలో అన్నం తగ్గించి ఆ చోట పప్పు, ఆకుకూరలు, కూరగాయలు, గుడ్డు లేదా చేప పెట్టండి. టీలో చక్కెర, కూల్‌డ్రింకులు మానండి. రాత్రి భోజనం పెందలాడే ముగించండి.

4. నూనె పూర్తిగా మానవద్దు, కొలత పెట్టుకోండి. ఒక మనిషికి నెలకు అర లీటరుకు మించకుండా చూసుకోండి. ఒకసారి కాచిన నూనెను మళ్లీ మళ్లీ కాచవద్దు.

5. మద్యం వద్దు. డాక్టరు చెప్పని లివరు టానిక్కులు, నాటు మందులు వద్దు.

6. షుగరు ఉన్నవారు, 40 దాటినవారు రిపోర్టును దాచిపెట్టకుండా డాక్టరుకు చూపించండి. మీ వయస్సు, ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి., ప్లేట్‌లెట్ల సంఖ్య, ఈ నాలుగింటితో లివరు గట్టిపడే ప్రమాదం ఉందో లేదో డాక్టరు లెక్కగట్టగలరు. అవసరమైతే ఫైబ్రోస్కాన్ చేయిస్తారు. షుగరు, బి.పి. మందులు మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

మీరే ప్రశ్నించుకోండి

నా నడుము కొలత ఎంత? ఈ వారం ఎన్ని రోజులు నడిచాను? నా స్కానింగు రిపోర్టు ఇప్పుడు ఎక్కడుంది?

ముసలితనాన్ని ఎవరమూ ఆపలేము. కాని లివరులో చేరిన కొవ్వు తొలి దశలో వెనక్కి తగ్గే సంగతి. గట్టిపడిన తర్వాత దానిని మళ్లీ మెత్తగా చేయడం చాలా కష్టం. ఆ కుట్టుపని తల్లి ఉదయం నడక మొదలుపెట్టింది. రాత్రి ఏడున్నరకే భోజనం ముగిస్తోంది. ఏడాది తర్వాత చేసిన స్కానింగులో ఆమె లివరులో కొవ్వు కనిపించలేదు. ఆ రైతుకు నేను చెప్పలేకపోయిన మాట ఆమెకు చెప్పాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను: గ్రేడ్ 1 అంటే ఏమీ లేదని కాదు, ఇంకా సమయం ఉన్నదని అర్థం. ఈ రోజే ఆ రిపోర్టు బయటకు తీయండి.