తుట్టె ఈగలనే కట్టుకోనీ, చెల్లె

చెల్లె, తేనెటీగల పెట్టె పెట్టుకుంటనంటే మస్తు సంతోషమైంది. ఫ్రేములల్ల పెట్టే అచ్చు మైనపు రేకులు ఎక్కడ దొరుకుతయని అడిగినవు గదా. నా మాట విను, అవి లేకుండనే మొదలుపెట్టు.

బజార్ల దొరికే రేకులు ఎక్కువగ ఇటాలియన్ ఈగ కొలతవి. దాని గది 5.4 మిల్లీమీటర్ల దాకుంటది. మన పుట్టతేనె ఈగ చిన్నది, దాని గది 5 మిల్లీమీటర్లు గూడ ఉండది. దాని కొలత దానికి ఎరుకే, కట్టుకోనీ.

అన్ని ఈగలు పెట్టెల నిలువయి. ఆదిలాబాద్ అడవులల్ల గోండులు, కొలాములు తేనె తీసి గిరిజన సహకార సంస్థకు అమ్ముతరు. అండ్ల పెద్దీగ తేనె ఉంటది. పెద్దీగ కొమ్మకో బండకో ఒక్కటే తుట్టె కట్టి ఆరుబయట బతుకుతది, పెట్టెల నిలువది. జుంటీగ గూడ అంతే. పుట్టతేనె ఈగ తొర్రల చీకట్ల వరుసగ తుట్టెలు కడుతది గనుక పెట్టెకు అలవాటు పడుతది. తుట్టెల నడుమ ఈగ తిరిగేటంత సందు ఉంచితే దాన్ని మైనంతోని మూసెయ్యదని 1851ల అమెరికాల లాంగ్‌స్ట్రాత్ కనిపెట్టిండు. ఆ లెక్కతోనే 1910 ప్రాంతంల తిరుచిరాపల్లి దిక్కు న్యూటన్ ఫాదర్ మన పుట్టతేనె ఈగకు సరిపోయే పెట్టె చేయించిండు. నువ్వు ఆ న్యూటన్ పెట్టెనే తీసుకో.

ఫ్రేము పైకట్టె కింద నడిమిట్ల సన్నటి చెక్కపట్టీ అతికించి, దాని మీద కరిగిన మైనం రాయి. ఈగలు అక్కడ్నే పట్టుకొని కిందికి కడుతయి. నిట్టనిలువు కిందికి కడుతయి గనుక పెట్టె వాలితే తుట్టె ఫ్రేము దాటి పోతది. మేస్త్రీ రసమట్టం అడుక్కొచ్చి పెట్టి చూడు, ఈ పని మాత్రం ఇడిసిపెట్టకు. తొర్రల నుంచి తెచ్చిన పిల్లల తుట్టెలుంటే ఫ్రేముల అరటినారతోని కట్టు, పైభాగం పైకే ఉండాలె. ఈగలు అతికించుకున్నంక నారను కొరికి పారేస్తయి. కొత్త ఫ్రేమును రెండు సక్కటి తుట్టెల నడుమ పెట్టు. మొదటి వారంల మూత తీసి చూడు, వంకర కనబడితే మైనం మెత్తగున్నప్పుడే వేలుతోని సరిచెయ్యి. ఒకటి వంకరైతే పక్కది గూడ వంకరే.

రేకు లేకపోతే మగ ఈగల గదులు జరన్ని ఎక్కువ కడుతయి. భయపడకు, కోసెయ్యకు.

నాకు అసలు రంది ఎండ గురించే. మన కరీంనగర్, ఆదిలాబాద్ల ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతది. ఫ్రేముల తీగ ఆసర లేని కొత్త తుట్టె ఆ వేడికి తెగి పడుతది, పిల్లలు, తేనె అన్నీ నేలపాలే. అందుకే దసరా దాటినంక మొదలుపెట్టు. మోదుగ, ఇప్ప పూసే నాటికి తుట్టె గట్టిపడి నాలుగు దిక్కులా అతుక్కుంటది. వేపచెట్టు నీడన పెట్టి, మూత మీద తడిపిన గోనెసంచి కప్పు, పక్కన నీళ్లుంచు. స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెలల్ల పెడితే చీమలు ఎక్కవు. ఫ్రేమును ఎప్పుడూ నిలువుగనే పట్టుకో, అడ్డంగ తిప్పితే తుట్టె ఇరిగి పడుతది. మొదటి యేడు తేనె తీసే తిప్పుడు మిషన్ జోలికి పోకు, తేనె భాగం కోసి బట్టల పిండుకో.

దసరాకు చుట్టూ పత్తి పూత మీదుంటది, మందులు కొట్టేది గూడ అప్పుడే. పెట్టె తెచ్చే ముందే పక్క చేన్ల వాళ్ల ఇంటికి పొయ్యి మాట్లాడు. కొట్టక తప్పదంటే పొద్దుగూకినంక, ఈగలు ఇల్లు చేరినంక కొట్టుమను, ముందురోజే చెప్పుమని బతిమాలుకో.