అడుగులు నేర్పే పని కాదమ్మా

చిట్టితల్లికి,

నీ ఉత్తరం చేరింది. ఎం.ఏ. అయ్యాక నాటకాల్లో మూవ్‌మెంట్ డైరెక్టర్‌నవుతానన్నావు. అదేం ఉద్యోగమో మీ అమ్మకు అంతుపట్టలేదట, సినిమాల్లో డాన్స్ మాస్టర్‌లాంటిదా అని ఫోన్ చేసింది. నువ్వూ ఇంచుమించు అలాగే అనుకుంటున్నట్టుంది.

కొరియోగ్రాఫర్ కట్టిన నృత్యం అందరికీ కనిపిస్తుంది, చప్పట్లూ పడతాయి. మూవ్‌మెంట్ డైరెక్టర్ పని కనపడకుండా ఉంటేనే బాగున్నట్టు. ముసలివాడి వేషం వేసిన కుర్రాణ్ణి చూడు, నడుం వంచేసి చెయ్యి వణికిస్తాడు. అందరూ చేసేదే. కుర్చీలోంచి లేవడానికి ఏ చెయ్యి ఊతం? లేచాక అడుగు పడేముందు ఎంతసేపు నిలబడతాడు? ఎవరైనా పిలిస్తే మెడ తిప్పుతాడా, మనిషి మనిషంతా తిరుగుతాడా? ఇవన్నీ వాడి చేతే వెతికించాలి. నువ్వు చేసి చూపించావో, నటులంతా నీలాగే నడుస్తారు. డాన్సు వచ్చినవాళ్లకి ఇదే గండం. కూచిపూడి నేర్చిన నీ ఒంట్లో అరమండి, నిటారు వెన్ను ఇంకిపోయాయి. మంచిదే గానీ, ‘కన్యాశుల్కం’లో చుట్ట పట్టుకున్న గిరీశానికి వాటితో ఏం పని?

‘వార్ హార్స్’ నాటకం వీడియోలు దొరికినంతవరకు చూడు. 2007లో లండన్ నేషనల్ థియేటర్‌లో మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధంలోకి వెళ్లిన గుర్రం కథ. దక్షిణాఫ్రికాకు చెందిన హ్యాండ్‌స్ప్రింగ్ పప్పెట్ కంపెనీ వాళ్లు మనిషి ఎక్కి కూర్చునేంత గుర్రపు బొమ్మను కట్టారు. దాన్ని ముగ్గురు ఆడిస్తారు. తల దగ్గర ఒకరు, పొట్టలో ఇద్దరు. చెవులు తలదగ్గరి మనిషివి, తోక వెనకాయనది. ముందుకాళ్ల దగ్గరివాడు మోకాళ్లు కొంచెం వంచి లేస్తుంటే గుర్రం ఊపిరి తీస్తున్నట్టుంటుంది. గుర్రం ఊరికే నిలబడ్డప్పుడు కూడా ఆ ఊపిరి ఆగకూడదు. ఆగిందా, అది మళ్లీ బొమ్మే. ఆ గుర్రాల కదలికలు చూసుకున్న టోబీ సెడ్జ్‌విక్ పారిస్‌లో జాక్ లెకాక్ నటన బడిలో చదువుకున్నాడు. 1956లో ఆ బడి పెట్టిన లెకాక్ అంతకుముందు వ్యాయామం నేర్పే పంతులు. డాన్సరే కావాలన్న నియమం ఎక్కడా లేదు.

కదలికల్ని విశ్లేషించిన లాబాన్ పుస్తకాలూ చదువు. కదలికలో బరువెంత, వేగమెంత, దిక్కెటు, బిగువెంత అని విడదీసి చూడటం అలవాటవుతుంది. ఆయన రెండో ప్రపంచయుద్ధకాలంలో ఇంగ్లండు ఫ్యాక్టరీల్లో కూలీల కదలికల్ని గమనించినవాడు. నువ్వు రైతుబజారులో నిలబడి చూడు. గంపెత్తుకునే మనిషికీ, గంప దించే మనిషికీ భుజాల్లో తేడా పట్టుకో. కాగితం మీద రాసుకో, ఫోన్లో వీడియో తీసుకుంటే మళ్లీ చూడవు.

నువ్వు రాసిన లండన్ కోర్సు సంగతి తర్వాత ఆలోచిద్దాం. ఫీజులు చూస్తే గుండె గుభేలుమంటుంది. ముందు పుదుచ్చేరి దగ్గర ఆదిశక్తి నాటక సంస్థకి వెళ్లు. వీణాపాణి చావ్లా పెంచిన చోటు. కూడియాట్టం, కలరిపయట్టుల నుంచి తెచ్చుకున్న ఊపిరి సాధన అక్కడుంది. రతన్ థియ్యం నాటకం ‘చక్రవ్యూహ’ (1984) గురించి దొరికింది చదువు, మణిపురి యుద్ధవిద్య థాంగ్‌టా నటుడి ఒంట్లోకి ఎలా దిగిందో అర్థమవుతుంది. మనదగ్గర పద్యనాటకం చాలాకాలం మైకు ముందే నిలబడిపోయింది. రాగం ఎత్తుకోగానే చెయ్యి లేవడం తప్ప కాళ్లకు పనే లేదు. చిందు యక్షగానం వాళ్లని చూస్తే ఆ కొరత తెలుస్తుంది, వాళ్లకి కాలు ఆగితే కథే ఆగుతుంది.

ఇక డబ్బు. ఈ పేరుతో నెలజీతం మనదగ్గర దాదాపు లేదు. కాలేజీల్లో వర్క్‌షాపులు, పిల్లలకు క్లాసులు, మధ్యమధ్య నాటకం, ఇలాగే నడుస్తుంది. కూచిపూడి క్లాసులు మానకు. పని ఒప్పుకునేముందు రిహార్సల్స్‌కి ఏ రోజునుంచి పిలుస్తారో అడుగు. ఆఖరివారం వచ్చి ‘కాస్త మూవ్‌మెంట్ వేసిపెట్టమ్మా’ అంటే, అప్పటికే నటుల ఒళ్లు గట్టిపడిపోయి ఉంటాయి, నువ్వు చేయగలిగిందేమీ ఉండదు. మొహమాటపడకుండా వద్దను. పోస్టర్ మీద పేరు, పారితోషికం కాగితం మీద రాయించుకో. సిమెంటు నేలమీద గెంతించమంటే చాప అడుగు, మోకాళ్లు పోతే ఎవరూ తిరిగివ్వరు.

దసరాకి వచ్చేటప్పుడు బజారులో రాసుకున్నవి పట్టుకురా. మీ అమ్మతో నేను మాట్లాడతాలే.

మావయ్య