బియ్యం డబ్బాలో కందిపప్పు – జావా జెనరిక్స్ పాఠం



ఎం.సి.ఎ. చివరి సంవత్సరంలో ఒక ఇంటర్వ్యూకు మన హాస్టల్ నుంచి ముగ్గురం వెళ్ళాం. ముగ్గురినీ ఒకే ప్రశ్న అడిగారు. "జావా భాషలో ఇంటీజర్ అనేది నంబర్‌కు సబ్‌క్లాస్. మరి ఇంటీజర్ల లిస్ట్‌ను నంబర్ల లిస్ట్‌గా వాడుకోవచ్చా?" తడుముకోకుండా 'వాడుకోవచ్చు' అన్నాం. ఎంపికైన వారిలో మా పేర్లు లేవు. ఆ తరువాత కూర్చుని నేర్చుకున్నదే ఈ పాఠం.

మన స్టోర్ రూమ్‌నే తీసుకుందాం. బియ్యం ఒక సరుకు. కందిపప్పు కూడా సరుకే. కానీ బియ్యం డబ్బా మీద 'సరుకుల డబ్బా' అని రాస్తే? ఎవరైనా అందులో కందిపప్పు పోయవచ్చు. రాసినదాని ప్రకారం అతని తప్పేమీ లేదు. రాత్రి వంటమనిషి బియ్యం అనుకుని తీసినప్పుడు గానీ సంగతి బయటపడదు.

ఇంటీజర్ల లిస్ట్ కూడా అంతే. దాన్ని నంబర్ల లిస్ట్ అనుకోనిస్తే, 3.14 కూడా నంబరే కనుక అందులో చేరిపోతుంది. అందుకే కంపైలర్ ముందే ఒప్పుకోదు.

అర్రేల సంగతి వేరు. ఇంటీజర్ అర్రేను నంబర్ అర్రే అంటే కంపైలర్ ఊరుకుంటుంది. అందులో 3.14 వేయబోతే ప్రోగ్రాం నడిచేటప్పుడు 'అర్రే స్టోర్ ఎక్సెప్షన్' వస్తుంది. ఎందుకీ తేడా? అర్రేకు తన రకం ఏమిటో నడిచేటప్పుడు కూడా గుర్తుంటుంది. 2004లో జావా 5తో వచ్చిన జెనరిక్స్‌లో, లిస్ట్‌కు మనం రాసిన రకం కంపైల్ అయ్యాక చెరిగిపోతుంది. లోపల పట్టుకునేవారు లేరు కనుక గడప దగ్గరే ఆపుతారు.

మరి ఏ రకం నంబర్ల లిస్ట్‌నైనా కూడే మెథడ్ రాయాలంటే? లిస్ట్ రకం దగ్గర ప్రశ్నార్థకం పెట్టి 'ఎక్స్‌టెండ్స్ నంబర్' అని రాయాలి. అప్పుడు అందులోంచి నంబర్లు తీసుకోవచ్చు, కొత్తవి వేయలేం. ఇంటీజర్లు వేయాలంటే ప్రశ్నార్థకం పక్కన 'సూపర్ ఇంటీజర్' అని రాయాలి. అప్పుడు వేయవచ్చు గానీ, తీసినవి ఆబ్జెక్ట్‌లుగానే చేతికి వస్తాయి.

తమ్ముళ్ళారా, మా ఇళ్ళలో డిగ్రీ పట్టా అందుకున్న తొలివాళ్ళం మేమే. ఇంట్లో అడుగుదామంటే చెప్పేవారు లేరు. క్లాసులో అడిగితే నవ్వుతారని భయం. అందుకే 'ఎందుకు' అనేది వదిలేసి జవాబులు బట్టీ పట్టాం. మీరు అలా చేయకండి. ల్యాబ్‌లో ఈ రెండూ స్వయంగా టైపు చేసి, వచ్చిన ఎర్రర్‌ను చివరిదాకా చదవండి. అప్పటికీ అర్థం కాకపోతే లేచి అడగండి. నవ్వేవాళ్ళు ఒక నిమిషం నవ్వుతారు, నేర్చుకున్నది మీతో ఉంటుంది.