పాఠం 14: మనసు కుంగినప్పుడు – సంజ్ఞానాత్మక చికిత్స

14.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• దుఃఖానికి, మానసిక కుంగుబాటుకు గల తేడాను చెప్పగలుగుతారు.
• సంజ్ఞానాత్మక చికిత్స జరిగే తీరును వివరించగలుగుతారు.
• సహాయం ఎక్కడ దొరుకుతుందో ఇతరులకు తెలియజేయగలుగుతారు.

14.1 పరిచయం

బస్తర్ ప్రాంతపు దక్షిణపు కొసన, శబరి నది ఒడ్డున కొంటా ఉంది. అక్కడ తెలుగు మాట కూడా వినబడుతుంది. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత ఆ చుట్టుపక్కల గ్రామాల నుండి వేలాదిమంది ఊళ్లు విడిచారు. చాలామంది అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. మిరప కోతల కూలితో బతుకు వెళ్లదీశారు.

ఇల్లు, పొలం పోయినప్పుడు, అయినవాళ్లు దూరమైనప్పుడు ఏడుపు రావడం సహజం. అది జబ్బు కాదు. మరి ఎప్పుడు జబ్బు అవుతుంది?

14.2 కుంగుబాటు లక్షణాలు

దిగులు లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం రోజులో ఎక్కువసేపు, దాదాపు ప్రతిరోజూ, కనీసం రెండు వారాలపాటు ఉండవచ్చు. దానితోపాటు నిద్ర, ఆకలి దెబ్బతినడం, నీరసం, తాను పనికిరానివాడినన్న భావం, చావు ఆలోచనలు వంటివి కలిసి రోజువారీ పనులు సాగనప్పుడు దానిని కుంగుబాటు అంటాం. ఇది సోమరితనం కాదు, గాలి సోకడమూ కాదు.

14.3 చికిత్స పుట్టుక

ఈ చికిత్సను 1960లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మానసిక వైద్యుడు ఆరన్ బెక్ రూపొందించాడు. కుంగిపోయినవారి మనసులో మూడు రకాల ఆలోచనలు తిరుగుతుంటాయని ఆయన గమనించాడు. ‘నేను చేతకానిదాన్ని’, ‘లోకమంతా ఇంతే’, ‘ఇక ముందు ఏమీ లేదు’ అనేవి ఆ మూడు. ఇవి క్షణంలో వచ్చిపోతాయి. నిజమా కాదా అని ఎవరూ అడగరు. అలా అడగడం నేర్పడమే ఈ చికిత్స.

14.4 ఒక ఉదాహరణ

ఊరు విడిచి వచ్చిన ఒక తల్లిని ఊహించుకోండి. దారిలో జ్వరంతో ఆమె చిన్న కొడుకు చనిపోయాడు. ఆమె ఆరోగ్య కార్యకర్తతో ఇలా అంటుంది:

“బయలుదేరదామన్నది నేనే. నా బిడ్డను నేనే చంపుకున్నాను.”
“ఎందుకు బయలుదేరారక్కా?”
“పిల్లల్ని బతికించుకుందామని.”
“ఇదే మీ పక్కింటావిడకు జరిగితే, ‘నువ్వే చంపావు’ అని ఆమెను అనేవారా?”
“అననమ్మా. జ్వరానికి ఆమేం చేస్తుంది?”

కార్యకర్త ‘ఏడవకు’ అనలేదు. జరిగిన నష్టం నిజం. దానిని మరిచిపొమ్మనడం చికిత్స కాదు. ‘నేనే చంపుకున్నాను’ అన్న తీర్పును మాత్రమే ఆ తల్లి తిరిగి పరిశీలించింది. చివరకు, “బిడ్డ పోయాడు. ఆ బాధ పోదు. కాని కాపాడుకోవాలనే బయలుదేరాను” అనగలిగింది. తరువాత చిన్న చిన్న పనులు నిర్ణయించుకుంటారు: ఒకరోజు తలస్నానం, మరోరోజు తోటివారితో సంతకు వెళ్లడం. ఇలా కొన్ని వారాలు సాగుతుంది.

14.5 ఎవరు చేయగలరు?

శిక్షణ పొందిన నిపుణులు చేస్తారు. కాని మారుమూల ప్రాంతాలలో నిపుణులు తక్కువ. గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో దీనికి దగ్గరి పద్ధతిని పరీక్షించారు. అందులో మనసుకు ఊతమిచ్చే పనులను తిరిగి మొదలుపెట్టించడమే ముఖ్యం. శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలే ఆ పని చేశారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం మూడు నెలలకు ఈ సహాయం పొందినవారిలో 64 శాతం మందికి కుంగుబాటు తగ్గింది. సాధారణ వైద్య సహాయం మాత్రమే పొందినవారిలో ఇది 39 శాతం.

జబ్బు తీవ్రంగా ఉంటే మందులు కూడా అవసరం. చావు ఆలోచనలు వస్తున్నవారిని ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు.

14.6 సారాంశం

దుఃఖం సహజం, కుంగుబాటు జబ్బు. మనసులో మెదిలే తీర్పులను సాక్ష్యంతో పరిశీలించడం, చిన్న పనులతో తిరిగి జీవితంలోకి రావడం ఈ చికిత్సకు రెండు కాళ్లు.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. కుంగిపోయినవారిలో కనిపించే మూడు రకాల ఆలోచనలు వేటికి సంబంధించినవి?
2. ఉదాహరణలోని తల్లి దేనిని మార్చుకుంది? దేనిని మార్చుకోలేదు?
3. ఈ వారం మిమ్మల్ని బాధపెట్టిన ఒక ఆలోచనను నోటు పుస్తకంలో రాయండి. దానికి అనుకూలమైన, వ్యతిరేకమైన సాక్ష్యాలను ఎదురెదురుగా రాయండి.

జవాబులు: 1. తాను, లోకం, భవిష్యత్తు. 2. తనపై తాను వేసుకున్న నిందను మార్చుకుంది, బిడ్డ కోసం పడే బాధను కాదు.