నాలుగు మీటర్ల లోపు ఎస్‌యూవీ: పెట్రోలా, డీజిలా?

మన శాఖల ముందు ఆగి ఉండే చిన్న ఎస్‌యూవీల పొడవు ఒకసారి గమనించండి. వెన్యూ 3,995 మిల్లీమీటర్లు, బ్రెజా 3,995, నెక్సాన్ కూడా దాదాపు అంతే. వేర్వేరు కంపెనీలు ఒకే కొలత దగ్గర ఆగడానికి కారణం పన్ను. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. పొడవు 4 మీటర్లు దాటరాదు, ఇంజిన్ పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ మించరాదు అన్నది షరతు. జీఎస్‌టీ వచ్చాక కూడా ఆ గీత చెరిగిపోలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి గీతకు లోపలున్న బండికి 18 శాతం, బయట ఉన్నదానికి 40 శాతం. బ్రెజా పొడవు సరిపోయినా దాని పెట్రోల్ ఇంజిన్ 1,462 సీసీ కాబట్టి 40 శాతం కిందికి వస్తుంది. వాహన రుణం కొటేషన్లు చూసేటప్పుడు ఈ తేడా గుర్తుంటే ఖాతాదారుకు చెప్పడం సులువు.

ఇక ఈ బండ్ల మీద మోజు ఎందుకంటే, అడవులూ కొండలూ ఎక్కడానికైతే కాదు. వీటిలో చాలావరకు ముందు చక్రాలతోనే నడిచేవి. ఎస్‌యూవీ అన్నది ఎక్కువగా ఆకారమే! కానీ ఆ ఆకారం రోజూ పనికొస్తుంది. నేలకూ బండి అడుగుకూ మధ్య సుమారు 190 నుంచి 200 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది, కాబట్టి కొలత లేకుండా వేసిన స్పీడ్ బ్రేకర్లకు అడుగు తగలదు. సీటు ఎత్తుగా ఉండటం ఇంకా పెద్ద సౌకర్యం. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు వంగి కూలబడకుండా, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటారు.

అసలు చిక్కు ఇంధనం దగ్గర వస్తుంది. "డీజిల్ మైలేజీ ఎక్కువ" అన్న మాట ఇప్పటికీ వినిపిస్తోంది. లెక్క వేసి చూద్దాం. ఇల్లు, శాఖ కలిపి రోజుకు 30 కి.మీ., నెలకు 25 రోజులు అనుకుంటే ఏడాదికి 9,000 కి.మీ. పెట్రోల్ బండి ఊళ్లో లీటరుకు 14 కి.మీ., డీజిల్ బండి 18 కి.మీ. ఇస్తాయనుకుందాం. పెట్రోల్ లీటరు రూ.105, డీజిల్ రూ.95 అయితే ఏటా ఖర్చు రూ.67,500, రూ.47,500. అంటే డీజిల్‌తో మిగిలేది ఏడాదికి రూ.20,000, నెలకు రూ.1,667. డీజిల్ బండి ఆన్‌రోడ్ ధర రూ.1.5 లక్షలు ఎక్కువైతే, ఆ తేడాకే 9 శాతం వడ్డీతో ఏడేళ్ల ఈఎంఐ నెలకు సుమారు రూ.2,400. పంపు దగ్గర మిగిలిన దానికంటే వాయిదాలో పోయేదే ఎక్కువ. ఈ అంకెలతో డీజిల్ గిట్టాలంటే నెలకు దాదాపు 1,100 కి.మీ. తిరగాలి. పక్క జిల్లాకు బదిలీ అయి రోజూ కారులోనే వెళ్లివచ్చేవారి లెక్క వేరు. వారికి డీజిలే సరైనది కావచ్చు.

లెక్కలో కనిపించని ఖర్చు మరొకటి ఉంది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేడిగా నడవాలి. రోజూ నాలుగైదు కిలోమీటర్లు, అదీ ట్రాఫిక్‌లో నడిపితే ఫిల్టరు పూడుకుపోతుంది. దాన్ని మార్చాల్సి వస్తే ఖర్చు చిన్నదేమీ కాదు. పెట్రోల్ బండికి ఈ బెడద లేదు.

పెట్రోల్‌లోనూ టర్బో ఇంజినా, మామూలు ఇంజినా అని షోరూంలో అడుగుతారు. టర్బో హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు హాయిగా ఉంటుంది, గట్టిగా తొక్కితే మైలేజీ అంతే వేగంగా పడిపోతుంది. ఊళ్లోనే తిరిగే బండికి మామూలు ఇంజిన్ చాలునని నా అభిప్రాయం. టెస్ట్ డ్రైవ్‌కు మాత్రం ఒంటరిగా వెళ్లకండి. నలుగురిని ఎక్కించి, ఏసీ వేసి, ఫ్లైఓవర్ ఎక్కించి చూడండి.