పట్టణ ప్రణాళికోద్యోగి: తొలిమెట్టు పని

విద్యార్థులారా! ఇంజనీరు ఏమి చేయునో, వైద్యుడు ఏమి చేయునో మీకు దెలియును. పట్టణ ప్రణాళికోద్యోగి పని మాత్రము మీలో పలువురెరుగరు. అతని పని చక్కగా సాగినన్నినాళ్ళు వీధి వీధిగాను, వాగు వాగుగాను ఉండును గనుక నెవరును గమనింపరు. ఈ యుద్యోగములో క్రింది మెట్టున నున్నవాడు దినదినము చేయు పనిని గూర్చి కొంత వివరింతుము.

ఇది నిన్న మొన్న పుట్టిన విద్య గాదు. 1914లో పాట్రిక్ గెడ్డిసు అను స్కాట్లండు పండితుడు మదరాసునకు వచ్చి, మన పొరుగుననున్న బళ్ళారి మొదలగు పట్టణములను గూర్చి నివేదికలు వ్రాసెను. అతడు మొదట జీవశాస్త్రము చదివినవాడు. ఇరుకు సందులను గాంచినంతనే యిండ్లన్నియు గూల్చి తిన్నని రాజవీధులు వేయుట యతనికి సమ్మతము గాదు. రోగిని పరీక్షింపక మందీయరాదు గదా! అట్లే ఊరంతయు నడచి చూడక పటము గీయరాదని యాతని మతము. పిమ్మట 1920లో మదరాసు రాజధానియందు పట్టణ ప్రణాళికా చట్టము పుట్టినది. 1992 నాటి డెబ్బదినాల్గవ రాజ్యాంగ సవరణము పురపాలక సంఘములకు అప్పగింపదగిన పనుల పట్టికలో పట్టణ ప్రణాళికను మొట్టమొదట నుంచినది. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌నందు వార్డు సచివాలయములు వెలసినప్పుడు, పురపాలక సంఘములందు వార్డు ప్రణాళికా కార్యదర్శులను పేర యువకులు, యువతులు పలువురు నియమితులైరి. మన యెరుకలో తొలిమెట్టు ఉద్యోగులనగా వీరే. సివిల్ ఇంజనీరింగులో డిప్లొమా గలవారు ఇందు చేరవచ్చును. పైచదువు గోరువారికి 2008లో నెలకొన్న విజయవాడ ప్రణాళికా వాస్తు విద్యాలయము గలదు.

వీరి దినచర్య యెట్టిది? ఇల్లు కట్టుకొనగోరువాడు పటము జతపరచి కంప్యూటరు ద్వారా దరఖాస్తు పంపును. ఉద్యోగి టేపు చేతబట్టి స్థలమునకు బోవును. పటములో వీధి నలువది యడుగులని యుండవచ్చును. కొలిచి చూడగా ముప్పదియారే తేలవచ్చును. ఆ నాలుగడుగులు ఎక్కడికి బోయినవి? మన సీమలో దీనికి జవాబు వెదకనక్కరలేదు. నాపరాళ్ళు చేరువలోనే దొరకును. కాలువపై రెండు బండలు పరచి, దానిమీద నొక మెట్టు, మెట్టు ప్రక్క నొక అరుగు కట్టుదురు. ఇది ఆక్రమణమని కట్టినవానికి గాని చూచినవానికి గాని తోచదు. వరుసగా పది యిండ్లవారట్లు చేసిన పిదప కాలువను శుభ్రపరచుట కెవరికిని సందు దొరకదు. మాకు తోచినంతలో, ఇటువంటి చిన్న ఆక్రమణములను మర్యాదగా నివారించుటే యీ యుద్యోగములో మిక్కిలి కష్టమైన భాగము. ఏలయన కట్టువారందరును తెలిసినవారే.

ఇక వాగు సంగతి. బనగానపల్లె చెంత జుర్రేరు వాగు గలదు. నంద్యాలకు కుందూనది, మద్దిలేరు, చామకాలువ గలవు. 2012 నాటి గృహనిర్మాణ నియమములందు వాగు వెడల్పు పది మీటర్లకు మించినచో దాని హద్దునుండి తొమ్మిది మీటర్ల వరకును, పది మీటర్లకు లోబడినచో రెండు మీటర్ల వరకును కట్టడముండరాదని విధింపబడినది. ఈ రెండంకెలను పెన్సిలుతో వ్రాసికొని యోచింపుడు. రెవెన్యూ పటములో పండ్రెండు మీటర్లున్న వాగు, చెత్త పోయుటచేతను గోడలు జరుపుటచేతను నేడు తొమ్మిది మీటర్లకు కుదించుకొనిపోయినదనుకొందము. ఉద్యోగి నేడు కానవచ్చుదానినే కొలిచి వ్రాసినచో, విడువవలసిన తొమ్మిది మీటర్లు రెండైపోవును. వాగును పూడ్చినవానికే లాభము కలుగును! కావున నతడు గ్రామపటమును, సర్వే నంబరుల కొలత పుస్తకమును తెరచి, సర్వేయరును వెంటబెట్టుకొని, పాతిన హద్దురాయి యెక్కడనున్నదో వెదకవలయును. ముండ్లపొదల నడుమ నొక రాయికొరకు సగము దినము గడచినను అది వ్యర్థకాలము గాదు.

ఆ రేఖకు మరియొక ఫలము గలదు. 2024 నవంబరు 13వ తేదీన సుప్రీంకోర్టు, ముందుగా నోటీసు నిచ్చి పదునైదు దినములు గడువొసగనిదే కట్టడమును కూల్చరాదని యాజ్ఞాపించినది. అయితే రోడ్డు, కాలిబాట, నది, చెరువు వంటి బహిరంగస్థలములలోని అక్రమ కట్టడములకు ఆ యాజ్ఞ వర్తింపదు. అనగా ఒక పేదవాని యిల్లు వాగు హద్దుకు లోపలనున్నదా, వెలుపలనున్నదా యనుదానినిబట్టి యాతనికి ఆ పదునైదు దినములు దక్కుటయో, దక్కకుండుటయో తేలును. వాగు చెంత నివసించువారు వేడుకకై యచట చేరినవారు గారు. ఊరిలో వేరొకచోట అద్దె భరింపలేక చేరినవారు. వరదనీరు ముందుగా ప్రవేశించునదియు వారి యిండ్లలోనే. కొలత తప్పి వారిని ఉండనిచ్చినను అపాయమే. కొలత తప్పి వారిని వెడలగొట్టినను అన్యాయమే. ఇంత భారము కొత్తగా కొలువుచేరిన యువకుని టేపుమీద నుండుట మాకు సమంజసముగా తోచదు; పైయధికారి స్వయముగా వచ్చి రెండవమారు కొలువవలయును.

వీధి వర్తకులను గూర్చి 2014 నాటి కేంద్ర చట్టము గలదు. వారికి స్థలము నిర్ణయించుటకు ముందు లెక్క తీయవలయును. క్రొత్త లేఅవుటులలో పదియవ వంతు ఖాళీస్థలము విడువవలయునని 2017 నాటి నియమము. స్థలములు అమ్ముడుపోయి గోడలు లేచిన పిదప ఆ పదియవ వంతును తిరిగి రాబట్టుట యెవరితరము? కావున లేఅవుటు దరఖాస్తు వచ్చిన వారములోనే నేలను చూచి రావలయును.

ఈ పనిని రుచి చూడగోరువారు దసరా సెలవులలో తమ వీధిని మూడుచోట్ల, కాలువ అంచునుండి కాలువ అంచువరకు కొలిచి, వానపడిన దినమున నీరు ఏవైపునకు పారెనో బాణపు గుర్తులతో గుర్తించి, గోడలమీది బురదచార నేలనుండి యెన్ని అంగుళములున్నదో వ్రాసి తెండు. తరగతిలో నన్నిటిని చేర్చి యొక్క పటముగా గీయుదము.