రాసే ముందు చదవాలి

మన క్లబ్‌కి అందరూ కథలు, కవితలు పంపుతుంటే నేను కారు ఇంజిన్ గురించి రాస్తున్నా. నవ్వకండి, ఇందులోనూ చదవడం, రాయడం ఉన్నాయి.

ఇప్పటి కార్లలో ఇంజిన్‌ని నడిపేది ఈసీయూ అనే చిన్న కంప్యూటర్. ఇంజిన్ వేగం, లోడ్ చూసి, ఇంధనం ఎంత పంపాలో, ఎప్పుడు పంపాలో ఒక పట్టికలో వెతుకుతుంది. దాన్నే మ్యాప్ అంటారు. మన ల్యాబ్‌లో రాసే టూ-డైమెన్షనల్ అర్రే లాంటిదే. ఆ అంకెలు మార్చడమే ట్యూనింగ్. టర్బో ఉన్న ఇంజిన్లలో తేడా బాగా తెలుస్తుంది, లేనివాటిలో పెద్దగా ఉండదు.

వేసవి సెలవుల్లో తాడేపల్లిగూడెంలో ఒక షెడ్డులో అయిదు కార్లకి ట్యూనింగ్ డే పెట్టాం. హైదరాబాద్ నుంచి ట్యూనర్ గారిని రప్పించే ఖర్చు అయిదుగురూ పంచుకున్నారు. ఎండెక్కితే ఇంజిన్ పీల్చే గాలి పలచబడి కొలతలు మారిపోతాయి. అందుకని ఉదయం ఆరింటికే మొదలుపెట్టాం.

ఆయన ముందు ఓబీడీ పోర్టుకి స్కానర్ పెట్టి లోపాలు చూశారు. ఒక కారుకి టర్బో గొట్టం చీలి ఉంది. "ముందు ఇది బాగు చేయించుకోండి" అని పక్కన పెట్టేశారు. ఇంకొకాయన డీజిల్ పొగ ఫిల్టర్ తీసేయమంటే ఒప్పుకోలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్6 నిబంధనలు అందుకోవడానికే అది ఉంది. బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా చెబుతుంది. 2015లో ఫోక్స్‌వ్యాగన్ దొరికిపోయింది ఇలాంటి సాఫ్ట్‌వేర్ దగ్గరే: పరీక్షలో ఒకలా, రోడ్డు మీద ఇంకోలా పొగ వదిలేలా రాశారు.

తర్వాత ఈసీయూలోని అసలు ఫైల్ చదివి, కాపీ దాచారు. అంకెలు మార్చాక చెక్‌సమ్ సరిచేశారు. అది తప్పితే ఈసీయూ ఫైల్‌ని ఒప్పుకోదు. ఆ తర్వాతే రాయడం.

చివరిది మా మావయ్య కారు. రోజూ కైకలూరు వైపు చేపల చెరువులకి దాంట్లోనే తిరుగుతారు. పొద్దున్నుంచీ అందులో పాటలు పెట్టుకుని కూర్చున్నాం, బ్యాటరీ నీరసించింది. చార్జర్ తగిలించి రాస్తుంటే సగంలో కరెంటు పోయింది. కారు ఇక స్టార్టవ్వలేదు. జనరేటర్ మాట్లాడాల్సింది నేనే. ఒక్క పూటే కదా అని వదిలేశా.

"రేపు తెల్లారి చెరువులో పట్టుబడి ఉందిరా" అన్నారు మావయ్య. తిట్టినా బాగుండేది.

పక్క కారు బ్యాటరీకి కేబుళ్లు కలిపి, దాచిన అసలు ఫైల్‌నే ట్యూనర్ గారు మళ్లీ రాశారు. రెండు గంటలు పట్టింది. ఇంజిన్ మోగాక మావయ్య, "పాతదే ఉండనియ్యండి, చాలు" అన్నారు.

మీరూ పెట్టాలనుకుంటే: వారం ముందే సర్వీసు, స్కాన్ చేయించండి. వారంటీ పోవచ్చని ఓనర్లకి ముందే చెప్పండి. అసలు ఫైల్ కాపీ ఎవరిది వాళ్లకివ్వండి. జనరేటర్ మాత్రం ముందు రోజే షెడ్డుకి చేరాలి.